షార్జా అమెరికన్ యూనివర్సిటీలో చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

షార్జా, దుబాయ్‌లలో ఉంటున్న తెలుగు కుటుంబాలు, ఇంటర్ పూర్తిచేసి గల్ఫ్‌లో ఇంజినీరింగో బిజినెస్సో చదవాలనుకునే పిల్లలు, అక్కడే ఉద్యోగం చేస్తూ పీజీ చేద్దామనుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. క్రెడిట్లు, గుర్తింపు, సర్టిఫికెట్ల ముద్రలు అనే మూడు చోట్లే చాలామంది దెబ్బతింటారు కాబట్టి వాటి గురించి ఎక్కువ రాశాం.

"అమెరికన్ యూనివర్సిటీ" అంటే అమెరికావాళ్లదేనా?

కాదు. షార్జా పాలకుడు షేక్ డాక్టర్ సుల్తాన్ బిన్ మహమ్మద్ అల్ ఖాసిమీ 1997లో స్థాపించిన విశ్వవిద్యాలయం ఇది. క్రెడిట్ల లెక్క, గ్రేడ్లు, మేజర్‌తో (ప్రధాన సబ్జెక్టుతో) పాటు ఇతర సబ్జెక్టులు చదివించే పద్ధతి అమెరికావి. నేల, చట్టం, వీసా యూఏఈవి. ఈ కోవలో పాతది బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీ. అది 1866లో వేరే పేరుతో మొదలై 1920లో ఇప్పటి పేరు పెట్టుకుంది. కైరోలోని అమెరికన్ యూనివర్సిటీ 1919 నాటిది, దుబాయ్‌లోనిది 1995 నాటిది.

అయితే "అమెరికన్" అనే మాట ఎవరికీ సొంతం కాదు. బోర్డు మీద ఆ మాట ఉన్నంత మాత్రాన అమెరికా గుర్తింపు ఉన్నట్టు కాదు. గుర్తింపును విడిగా చూసుకోవాలి.

షార్జా యూనివర్సిటీ, షార్జా అమెరికన్ యూనివర్సిటీ ఒకటేనా?

రెండూ వేర్వేరు. రెండూ 1997లోనే మొదలయ్యాయి, రెండూ యూనివర్సిటీ సిటీలో పక్కపక్కనే ఉన్నాయి. అందుకే తికమక. వైద్య కళాశాల ఉన్నది షార్జా యూనివర్సిటీలో. అమెరికన్ యూనివర్సిటీలో ఎంబీబీఎస్ లేదు. దరఖాస్తు, ఫీజు బదిలీ, స్కూలు నుంచి పంపించే మార్కుల పత్రాలు, ఈ మూడింటి మీదా పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఒకదానికి పంపాల్సింది ఇంకోదానికి వెళ్తే వెనక్కి తెప్పించుకునేలోపు గడువు దాటిపోతుంది.

ఏ కోర్సులున్నాయి?

నాలుగు విభాగాలు. ఆర్కిటెక్చర్, ఆర్ట్, డిజైన్ ఒకటి, ఆర్ట్స్, సైన్సెస్ ఒకటి, ఇంజినీరింగ్ ఒకటి, బిజినెస్ స్కూలు ఒకటి. ఇంజినీరింగ్‌లో సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్, కంప్యూటర్, ఇండస్ట్రియల్ శాఖలున్నాయి. కంప్యూటర్ సైన్స్ కూడా ఇంజినీరింగ్ కాలేజీలోనే ఉంటుంది. డిగ్రీ మామూలుగా నాలుగేళ్లు, బీఆర్క్ ఐదేళ్లు. బోధన అంతా ఇంగ్లిష్‌లోనే.

గుర్తింపు ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

గుర్తింపు మూడు అంచెల్లో ఉంటుంది. ఒకటి ఇంకోదానికి బదులు పనికిరాదు.

మొదటిది దేశం అంచె. యూఏఈలో ప్రతి డిగ్రీకీ కమిషన్ ఫర్ అకడమిక్ అక్రెడిటేషన్ ఆమోదం ఉండాలి. ఇది లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా ఆ దేశంలో ఉద్యోగానికి ఆ పట్టా ఇబ్బంది పెడుతుంది. రెండోది సంస్థ అంచె. షార్జా అమెరికన్ యూనివర్సిటీకి అమెరికాలోని మిడిల్ స్టేట్స్ కమిషన్ గుర్తింపు 2004 నుంచి ఉంది. అమెరికాలో పీజీకి దరఖాస్తు చేసినప్పుడు ఇది బాగా కలిసొస్తుంది. మూడోది కోర్సు అంచె. ఇంజినీరింగ్‌కు ఏబెట్, ఆర్కిటెక్చర్‌కు నాబ్, బిజినెస్ స్కూలుకు ఏఏసీఎస్‌బీ. ఇవి ఆయా కోర్సులకు గుర్తింపు ఇచ్చే అమెరికా సంస్థలు.

బ్రోచరు చూసి నమ్మకండి. గుర్తింపు ఇచ్చిన సంస్థ సొంత వెబ్‌సైటులో వెతికి మూడు సంగతులు చూడండి: కోర్సు పేరు సరిగ్గా అదేనా, బ్యాచిలర్‌కా మాస్టర్స్‌కా, ఏ తేదీ నుంచి వర్తిస్తుంది. ఒక కాలేజీలో ఆరు శాఖలకు ఏబెట్ ఉంటే ఏడో శాఖకు కూడా ఉంటుందనుకోవడం పెద్ద పొరపాటు. కొత్త కోర్సు నుంచి కనీసం ఒక విద్యార్థి పట్టా పుచ్చుకునేదాకా ఏబెట్ గుర్తింపు ఇవ్వదు. కాబట్టి కొత్తగా పెట్టిన కోర్సులో మొదటి బ్యాచ్‌గా చేరేవాళ్లు ఈ ప్రశ్న నేరుగా అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోవాలి.

ఏబెట్ ఉంటే వాషింగ్టన్ ఒప్పందం కింద అన్ని దేశాల్లోనూ చెల్లుతుంది కదా?

కన్సల్టెన్సీలు ఎక్కువగా తప్పు చెప్పేది ఇక్కడే. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఆ ఒప్పందంలో అమెరికా తరఫున ఏబెట్, మన తరఫున ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) సభ్యులు. భారత్ 2014లో పూర్తి సభ్యత్వం పొందింది. అయితే ఏ సభ్య సంస్థ అయినా తన సొంత దేశంలోని కోర్సులకు ఇచ్చిన గుర్తింపే ఒప్పందం పరిధిలోకి వస్తుంది. షార్జాలోని కోర్సుకు ఏబెట్ ఇచ్చిన గుర్తింపు ఆ ఒప్పందం ద్వారా దానంతటదే ఆస్ట్రేలియాకో కెనడాకో వెళ్లదు. అమెరికాలో మాత్రం ఏబెట్ డిగ్రీగానే దాన్ని చూస్తారు. ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్సుకు తొలిమెట్టు అయిన ఎఫ్ఈ పరీక్ష (110 ప్రశ్నలు, మొత్తం ఆరు గంటలు) రాసేవారికి ఇది పనికొస్తుంది. మిగతా దేశాలకు వెళ్లాలనుకుంటే అక్కడి ఇంజినీర్ల సంస్థను ముందే అడగడం మంచిది.

ఇంటర్ ఎంపీసీ చదివాం. ఈఏపీసెట్ ర్యాంకు అవసరమా?

అవసరం లేదు. ఆ ర్యాంకు ఇక్కడ లెక్కలోకి రాదు. బోర్డు మార్కులే ముఖ్యం. ఇంటర్‌ను 11, 12 తరగతులుగా చూస్తారు కాబట్టి రెండో సంవత్సరం మెమో ఒక్కటే పంపితే ఫైలు ఆగుతుంది. పదో తరగతి, ఇంటర్ మొదటి సంవత్సరం మార్కులు కూడా సిద్ధంగా ఉంచుకోండి. వీటితో పాటు టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు కావాలి. స్కోరు కాస్త తగ్గినవారికి ముందు ఇంగ్లిష్ నేర్పే బ్రిడ్జ్ ప్రోగ్రాం ఉంది, కానీ అందులో గడిపిన కాలం డిగ్రీలో కలవదు. ఒక సెమిస్టర్ బ్రిడ్జ్‌లో ఉంటే పట్టా కూడా ఒక సెమిస్టర్ ఆలస్యమవుతుంది, ఆ ఖర్చు అదనం. ఇంటర్ పరీక్షలయ్యాక ఆరు వారాలు కూర్చుని స్కోరు పెంచుకోవడమే చవక.

సర్టిఫికెట్ల మీద ముద్రలు ఏ వరుసలో వేయించాలి?

ఒక్క ముద్రతో పత్రాలు సభ్య దేశాల్లో చెల్లేలా చేసే హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో భారత్ ఉంది, యూఏఈ లేదు. అందుకని ఒక్క అపోస్టిల్ స్టిక్కర్‌తో పని జరగదు. వరుస ఇది: ఒరిజినల్ మెమోకు ముందు రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ, తర్వాత భారత విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన మన దేశంలోని యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర, చివరికి యూఏఈ చేరాక అక్కడి విదేశాంగ శాఖ ముద్ర. ఆ తర్వాతే అక్కడి విద్యాశాఖ నుంచి స్కూలు చదువుకు సమానత్వ పత్రం. ఒక మెట్టు దాటేసి పై మెట్టుకు వెళ్తే వెనక్కి పంపుతారు.

ఎక్కడ చిక్కుకుంటుందంటే, మొదటిది లామినేషన్. భద్రంగా ఉంటుందని మెమోలకు లామినేషన్ చేయించేస్తాం. దాని మీద ముద్ర పడదు, ఊడదీస్తే అక్షరాలు లేచిపోతాయి. అప్పుడు బోర్డు నుంచి డూప్లికేట్ మెమో తెచ్చుకోవాల్సిందే. రెండోది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి రాస్తారు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. మెమోకు, పాస్‌పోర్టుకు తేడా ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి. దారి మధ్యలో పేరు మారిస్తే అప్పటిదాకా వేయించిన ముద్రలన్నీ వృథా. మూడోది సమయం. ఫలితాలు వచ్చేది వేసవిలో, తరగతులు మొదలయ్యేది ఆగస్టు చివర. ఒరిజినల్ మెమో చేతికొచ్చిన వారంలోనే పని మొదలుపెట్టాలి.

క్రెడిట్ అంటే అసలేమిటి?

సెమిస్టర్‌కు సుమారు 15 వారాలు. వారానికి ఒక గంట తరగతి (నిజానికి 50 నిమిషాలు), దానికి బయట కనీసం రెండు గంటల సొంత చదువు: ఇది ఒక క్రెడిట్. మూడు క్రెడిట్ల కోర్సంటే వారానికి 150 నిమిషాల పాఠం, ఆరు గంటల ఇంటిపని. ఐదు కోర్సులు తీసుకుంటే 15 క్రెడిట్లు, అంటే వారానికి దాదాపు 45 గంటల పని. ల్యాబ్‌లకు లెక్క వేరు. మూడు గంటల ల్యాబ్‌కు ఒక్క క్రెడిటే రావచ్చు.

టైంటేబుల్‌లో ఖాళీలు చూసి "ఇంత తీరికా" అనుకున్న పిల్లలే మొదటి సెమిస్టర్‌లో దెబ్బతింటారు. ఆ ఖాళీ సొంత చదువు కోసం వదిలినది. మన దగ్గర సెమిస్టర్ చివర్లో పది రోజులు రాత్రింబవళ్లు చదివి గట్టెక్కొచ్చు. ఇక్కడ క్విజ్‌లు, హోంవర్క్‌లు, మిడ్‌టర్మ్‌లు, ప్రాజెక్టు కలిసి ఫైనల్ పరీక్ష కంటే ఎక్కువ బరువు ఉండే కోర్సులే ఎక్కువ. ప్రతి కోర్సుకూ మొదటి వారంలో ఇచ్చే సిలబస్ కాగితంలో ఏ పనికి ఎంత శాతమో రాసి ఉంటుంది. దాన్ని గోడకు అంటించుకోవాలి.

జీపీఏ ఎలా కడతారు?

జీపీఏ అంటే క్రెడిట్ల బరువుతో కట్టే గ్రేడ్ల సగటు. గ్రేడ్ విలువలు: ఏ 4.0, ఏ మైనస్ 3.7, బీ ప్లస్ 3.3, బీ 3.0, బీ మైనస్ 2.7, సీ ప్లస్ 2.3, సీ 2.0, సీ మైనస్ 1.7, డీ 1.0, ఎఫ్ సున్నా. ప్రతి కోర్సు క్రెడిట్లను దాని గ్రేడ్ విలువతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి.

ఒక మొదటి సెమిస్టర్ చూద్దాం. క్యాలిక్యులస్ 3 క్రెడిట్లు, బీ: 9. ఫిజిక్స్ 3, సీ ప్లస్: 6.9. ఫిజిక్స్ ల్యాబ్ 1, ఏ: 4. ఇంగ్లిష్ రైటింగ్ 3, బీ ప్లస్: 9.9. కెమిస్ట్రీ 3, డీ: 3. ప్రోగ్రామింగ్ 3, ఏ మైనస్: 11.1. మొత్తం 43.9 పాయింట్లు, 16 క్రెడిట్లు. జీపీఏ 2.74. ఆ కెమిస్ట్రీలో ఎఫ్ వచ్చి ఉంటే 40.9 పాయింట్లే, జీపీఏ 2.56. పైగా చేతికొచ్చేది 13 క్రెడిట్లే. ల్యాబ్‌లో ఏ తెచ్చుకున్నా అది ఒక్క క్రెడిట్ బరువే మోస్తుందని గమనించండి. పరీక్షల వారంలో సమయం ఎక్కడ పెట్టాలో ఈ లెక్కే చెబుతుంది.

ప్రొబేషన్ అంటే?

మొత్తం జీపీఏ 2.0 కంటే కిందికి పడిపోతే విద్యార్థిని ప్రొబేషన్‌లో పెడతారు. కోర్సుల సంఖ్య తగ్గిస్తారు, బాగుపడకపోతే పంపించేస్తారు. ఇంట్లో చెప్పడానికి భయపడి దాచుకునే పిల్లలు చాలామంది. తల్లిదండ్రులకు మా మాట ఒక్కటే: తిట్టడానికి ముందు లెక్క చూడండి.

మొదటి సెమిస్టర్‌లో 15 క్రెడిట్లకు 1.6 వచ్చిందనుకోండి, అంటే 24 పాయింట్లు. తర్వాతి సెమిస్టర్ ముగిసేసరికి 30 క్రెడిట్లకు 60 పాయింట్లుండాలి. కావాల్సినవి 36, అంటే ఆ సెమిస్టర్‌లో 2.4 తెస్తే చాలు. సీ ప్లస్‌లు, ఒకట్రెండు బీలతో సాధ్యమే. అదే 1.6 తోనే 60 క్రెడిట్లదాకా ఈడ్చుకొస్తే, ఒక్క సెమిస్టర్‌లో 2.0 కు రావడానికి 15 క్రెడిట్లలో 3.6 తేవాలి. దాదాపు అన్నీ ఏ మైనస్‌లు. అప్పటిదాకా 1.6 దగ్గర ఉన్నవారికి అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. జబ్బు మొదటి సెమిస్టర్‌లో తెలిస్తే మందు చిన్నది.

ఒక కోర్సు మోయలేకపోతే వదిలేయొచ్చా?

వదలొచ్చు, తేదీ చూసుకుని. సెమిస్టర్ మొదట్లో కొద్దిరోజులు మార్పుచేర్పుల గడువు ఉంటుంది. ఆ లోపు వదిలితే ట్రాన్స్‌క్రిప్ట్‌లో (కోర్సులు, గ్రేడ్ల అధికారిక పత్రంలో) ఆనవాలు కూడా ఉండదు. ఆ తర్వాత ఇంకో గడువుదాకా వదిలితే డబ్ల్యూ (మధ్యలో వదిలినట్టు గుర్తు) పడుతుంది. అది జీపీఏలో కలవదు, కానీ కట్టిన డబ్బు పోయినట్టే. అదీ దాటితే వచ్చిన గ్రేడే ఖాయం. తరగతికి వెళ్లడం మానేస్తే కోర్సు దానంతటదే రద్దయిపోతుందనుకోవడం పొరపాటు. అధికారికంగా వదలకపోతే చివరికి ఎఫ్ వస్తుంది. వదిలేముందు మిగిలే క్రెడిట్లు 12 కంటే తగ్గుతున్నాయేమో చూడండి. పూర్తికాల విద్యార్థి హోదా దాని మీదే ఉంటుంది. వీసా, స్కాలర్‌షిప్, హాస్టల్ ఆ హోదాకు కట్టుబడి ఉంటాయి.

నాలుగేళ్ల కోర్సు కొందరికి ఐదేళ్లు ఎందుకవుతుంది?

ముందస్తు కోర్సుల గొలుసు వల్ల. మొదటి క్యాలిక్యులస్ కాకుండా రెండోది ఇవ్వరు, అది కాకుండా డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఇవ్వరు, అవి లేకుండా శాఖలోని అసలు సబ్జెక్టులు తెరుచుకోవు. మన దగ్గర బ్యాక్‌లాగ్ ఉన్నా పై సంవత్సరానికి వెళ్లి సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. ఇక్కడ సప్లిమెంటరీ అనేదే లేదు. తప్పితే కోర్సు మొత్తం మళ్లీ చదవాలి, మళ్లీ ఫీజు కట్టాలి. పై తరగతి కోర్సుల్లో కొన్ని ఏడాదికి ఒక్కసారే ఉంటాయి. అలాంటి దాంట్లో తప్పితే ఏడాది పోయినట్టే. చేరిన మొదటి వారంలోనే అడ్వైజర్ దగ్గర కూర్చుని ఎనిమిది సెమిస్టర్ల ప్రణాళిక కాగితం మీద గీయించుకోండి. మొదటి ఏడాది క్యాలిక్యులస్‌ను ప్రాణంగా చూసుకోవాలి.

ఇంజినీరింగ్ విద్యార్థికి అరబ్ సంస్కృతి కోర్సు, ఇంగ్లిష్ రైటింగ్ ఎందుకు?

అమెరికా పద్ధతికి అదే వెన్నెముక. డిగ్రీకి 120 నుంచి 140 దాకా ఉండే క్రెడిట్లలో ఒక భాగం అందరికీ ఉమ్మడి చదువు. వీటిని తేలిగ్గా తీసుకోకండి. రిపోర్టు రాయడం వచ్చిన ఇంజినీరుకు, రానివారికి ఉద్యోగంలో తేడా మొదటి ఏడాదే తెలుస్తుంది.

రికార్డులు స్నేహితుల దగ్గర చూసి రాసుకోవచ్చా?

వద్దు. మన కాలేజీల్లో ల్యాబ్ రికార్డు ఒకరు రాస్తే తరగతంతా దించుకోవడం మామూలే. ఇక్కడ దాన్ని మోసంగా పరిగణిస్తారు. ఇచ్చినవారు, తీసుకున్నవారు ఇద్దరూ బాధ్యులే. మోసం వల్ల తప్పినట్టు ట్రాన్స్‌క్రిప్ట్ మీద ప్రత్యేక గ్రేడ్ పడితే పీజీ దరఖాస్తుల్లో ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకోవాలి. ఇంటర్నెట్ నుంచి పేరా తీసి మూలం చెప్పకపోవడం కూడా ఇందులోకే వస్తుంది.

బీఆర్క్ చేసి హైదరాబాద్‌లో ఆర్కిటెక్ట్‌గా పనిచేయొచ్చా?

నాబ్ గుర్తింపు అమెరికా లైసెన్సు దారికి పనికొస్తుంది. మన దేశంలో ఆర్కిటెక్ట్స్ చట్టం, 1972 ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆ బిరుదు వాడాలి. తిరిగి వచ్చే ఆలోచన ఉంటే చేరకముందే కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడగండి. చదువులో మొదటి ఏడాది ఫౌండేషన్స్. దాన్నిబట్టి మేజర్‌లో చోటు నిర్ణయమవుతుంది కాబట్టి ఆ ఏడాది స్టూడియో పని బలహీనంగా ఉంటే ఇబ్బందే.

ఉద్యోగం చేస్తూ ఎంబీఏ, ఎమ్మెస్ చేయొచ్చా?

చేయొచ్చు. గల్ఫ్‌లో పీజీ తరగతులు ఎక్కువగా సాయంత్రాలే. మాస్టర్స్ మామూలుగా 30 నుంచి 36 క్రెడిట్లు, పీజీలో జీపీఏ 3.0 నిలబెట్టుకోవాలి. అంటే సీ వస్తే ఇక్కడ ప్రమాదమే. ఉద్యోగంతో పాటు సెమిస్టర్‌కు రెండు కోర్సులే క్షేమం. ఆ లెక్కన రెండున్నర, మూడేళ్లు పడుతుంది. మూడేళ్ల బీకాం, బీఎస్సీ చదివినవారు అర్హత ముందే అడిగి తెలుసుకోవాలి. అమెరికా పద్ధతి నాలుగేళ్ల డిగ్రీని లెక్కలో పెట్టుకుని కట్టింది.

చిన్న ప్రొఫెషనల్ సర్టిఫికెట్ కోర్సులు డిగ్రీలో కలుస్తాయా?

కలవవు. వాటిని సీఈయూల్లో (కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ యూనిట్లలో) కొలుస్తారు, ఒక సీఈయూకు పది గంటల తరగతి. మూడు సీఈయూల కోర్సంటే 30 గంటలు, అంతే. అది మూడు క్రెడిట్ల కోర్సుకు సమానం కాదు. అయినా పనికిరానివి కావు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో పీఎంపీ అనే వృత్తి సర్టిఫికెట్ పరీక్షకు 35 గంటల శిక్షణ చూపించాలి, అలాంటి అవసరానికి సరిపోతాయి.

ఇక్కడ చదివితే అమెరికాలో ఓపీటీ, హెచ్1బీ సులువవుతాయా?

ఓపీటీ (చదువుకు సంబంధించి అమెరికాలో తాత్కాలికంగా పనిచేసే అనుమతి) రాదు. అది అమెరికాలో ఎఫ్1 విద్యార్థి వీసా మీద చదివినవారికే. హెచ్1బీ ఉద్యోగ వీసాలో 65,000 మామూలు కోటా కాక, అమెరికా మాస్టర్స్ చేసినవారికి ఉండే 20,000 అదనపు కోటాకు కూడా షార్జా మాస్టర్స్ లెక్కకు రాదు. ఆ చట్టం ప్రకారం విద్యాసంస్థ అమెరికా నేల మీద ఉండాలి. ఎవరైనా దీనికి భిన్నంగా చెప్పి ఫీజు కట్టిస్తుంటే అక్కడే ఆగండి.

నిజంగా దొరికేది వేరు. ట్రాన్స్‌క్రిప్ట్ అమెరికా విశ్వవిద్యాలయాలకు తెలిసిన భాషలో ఉంటుంది. పీజీకి గ్రేడ్ల మార్పిడి గొడవ ఉండదు. మధ్యలో అమెరికాకు మారాలంటే సాధారణంగా సీ, అంతకంటే పైన వచ్చిన కోర్సుల క్రెడిట్లు తీసుకుంటారు. క్రెడిట్లు వెళ్తాయి కానీ జీపీఏ వెళ్లదు.

భారత్‌లో ప్రభుత్వ ఉద్యోగానికి, పీజీకి ఈ పట్టా చెల్లుతుందా?

సమానత్వ ధ్రువపత్రం ఉంటే చెల్లుతుంది. గతంలో దీన్ని భారత విశ్వవిద్యాలయాల సంఘం ఇచ్చేది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధనలతో యూజీసీ ఈ పని చేపట్టింది. వైద్యం, ఫార్మసీ, నర్సింగ్, న్యాయశాస్త్రం, ఆర్కిటెక్చర్ వంటివి ఆ పరిధిలోకి రావు, వాటికి ఆయా కౌన్సిళ్లే దిక్కు. ఉద్యోగ ప్రకటన వచ్చాక దరఖాస్తు చేస్తే గడువులోపు పత్రం చేతికి రాకపోవచ్చు. పట్టా రాగానే ఆ పని పూర్తిచేయండి.

వీసా, డబ్బు సంగతి?

తల్లిదండ్రులు యూఏఈలో ఉంటే వాళ్ల స్పాన్సర్‌షిప్ మీదే ఉండొచ్చు. కొడుక్కి 25 ఏళ్లదాకా, పెళ్లికాని కూతురికి వయసు పరిమితి లేకుండా. లేదంటే యూనివర్సిటీ ద్వారా విద్యార్థి వీసా తీసుకోవాలి, దాన్ని ఏటా పొడిగించుకోవాలి. అబ్బాయిలకు, అమ్మాయిలకు క్యాంపస్‌లో వేర్వేరు హాస్టళ్లున్నాయి. ఇంటర్న్‌షిప్పో పార్ట్‌టైమ్ పనో అనుమతి పత్రం లేకుండా చేయకూడదు.

దిర్హాం విలువ డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. కాబట్టి డాలరు పెరిగితే ఫీజు పెరిగినట్టే. సెమిస్టర్‌కు 50,000 దిర్హాములు అనుకుంటే, దిర్హాం రెండు రూపాయలు పెరిగినా లక్ష రూపాయలు అదనం. నాలుగేళ్ల లెక్క ఇవాళ్టి ధరతో వేసుకోకండి. ఇండియా నుంచి పంపేవారికి ఆర్థిక సంవత్సరానికి మనిషికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. పది లక్షల రూపాయలు దాటితే బ్యాంకు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుకోవచ్చు. గుర్తింపు పొందిన సంస్థ నుంచి తీసుకున్న విద్యారుణమైతే ఆ కోత ఉండదు.

చదువు పూర్తయ్యాక వెనక్కి వచ్చేముందు ఏం చేసుకోవాలి?

డిగ్రీ మీద యూఏఈ విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన అక్కడి భారత రాయబార కార్యాలయమో కాన్సులేటో ముద్ర వేయించుకోండి. వీసా రద్దయి ఇంటికొచ్చాక ఇదే పని మనుషులను పెట్టి చేయించాలి, ఖర్చు రెట్టింపు. సీల్ వేసిన ట్రాన్స్‌క్రిప్ట్‌లు కనీసం ఐదు తీసుకోండి. చేరిన ఏడాది నాటి క్యాటలాగ్, చదివిన ప్రతి కోర్సు సిలబస్ దాచుకోండి. ఐదేళ్ల తర్వాత ఏదో కౌన్సిల్ "ఈ కోర్సులో ఏం చెప్పారు" అని అడుగుతుంది. అప్పటికి ఆ పేజీలు మారిపోయి ఉంటాయి.